కల్లంలో ఎండిన సముద్రపు నాచు

నాకు మిరపకాయ మీద కోపం ఉండేది. ఇందులో దాచుకోవాల్సిందేమీ లేదు. దర్శి దగ్గర మా ఊళ్లో పుట్టిన ఏ ఆడపిల్లనడిగినా ఇదే చెబుతుంది. నారు పోసిన దగ్గర్నుంచి బస్తాలు గుంటూరు యార్డుకు చేరేదాకా మా ఇంట్లో మరో మాట వినపడేది కాదు. కోతల రోజుల్లో బడి మానిపించి కల్లంలో కూర్చోబెట్టేవారు. ఎర్రకాయల్లోంచి తెల్లబడిన తాలుకాయలు ఏరి ఏరి వేళ్లు భగభగమంటే, ఆ చేత్తో అన్నం కూడా తినబుద్ధయ్యేది కాదు. పొరపాటున ఆ చేయి కంటికి తగిలిందా, ఇక ఆ పూటకి ఏడుపే.

అందుకే గుంటూరులో ఎమ్మెస్సీ రెండో ఏడాది ప్రాజెక్టు ఇచ్చే రోజున మా మేడం మిరప పేరెత్తగానే నాకు ఒళ్లు మండిపోయింది. రెండువేల సంవత్సరం దాటిన కొత్త రోజులవి. నాకు ఆవిడే గైడు. మాటలు తక్కువ, చూపు ఎక్కువ. "మీది మిరప పండే ఊరే కదమ్మా, మిరప తీసుకో. సరుకు ఇంట్లోనే ఉంది" అన్నారు. మా క్లాసులో అప్పటికే నలుగురు మగపిల్లలు మిరప తీసుకున్నారు.

"మిరప తప్ప ఏదిచ్చినా చేస్తాను మేడం" అన్నాను.

"ఏదైనా అంటే?"

"సముద్రంలోది ఏదైనా."

ఆ మాట ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు. మిరప చేనుకి వీలైనంత దూరంగా ఏముందా అని నా బుర్ర వెతుక్కుని ఉంటుంది. మేడం కళ్లజోడు పైనుంచి చూసి, "సరే, సముద్రంలో ఏం చేస్తావో ఎల్లుండి వచ్చి చెప్పు" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేను నేరుగా లైబ్రరీకి వెళ్లి రెండు రోజులు బయటికి రాలేదు.

అక్కడ దొరికింది నాచు. సముద్రపు నాచు రోజంతా ఎండలో, ఉప్పునీళ్లలో నానుతూ ఎండుతూ కూడా చెడిపోదు. తనను తాను కాపాడుకోవడానికి కొన్ని పదార్థాలు తయారుచేసుకుంటుంది. వాటినే యాంటీఆక్సిడెంట్లంటారు. మా అమ్మకి చెప్పినట్టు చెబుతాను. కోసిన వంకాయ ముక్క గాలికి నల్లబడుతుంది కదా, మన ఒంట్లోనూ అలాంటి పని నిత్యం జరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపేవి ఈ పదార్థాలు. నాచులోంచి వాటిని బయటికి తీసి, అవి నిజంగా పనిచేస్తాయో లేదో చూపించాలి. మూడో రోజు మేడం ముందు నిలబడి ఇదంతా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాను. "పనిచేయకపోతే?" అన్నారావిడ. "అప్పుడు మీరు చెప్పినట్టు మిరపే చేస్తాను. ఏడాది పోయినా సరే" అన్నాను. నోరు జారడంలో నన్ను మించినవాళ్లు లేరు.

ఒంగోలు వెళ్లి అక్కణ్నుంచి కొత్తపట్నం బస్సెక్కాను. ఒడ్డున వలలు దులుపుకుంటున్న ఒకావిడ దగ్గర గోధుమరంగు నాచు కుప్పగా పడి ఉంది. అడిగితే, "ఇదా? వలకు పట్టిన దరిద్రం ఇది. తినడానికా అమ్మాయ్?" అని పగలబడి నవ్వింది. తినడానికి కాదని ఎంత చెప్పినా నమ్మలేదు. పైగా ఎలా వండాలో తనకి కూడా వచ్చి చెప్పమంది. రెండు గోతాలు నింపుకుని గుంటూరు తెచ్చి, బ్రాడీపేటలో మేముండే హాస్టలు మేడ మీద పరిచాను. గంట తిరక్కుండా హాస్టలు నడిపే ఆంటీ ముక్కు మూసుకుని పైకొచ్చింది. "ఏం చచ్చిందమ్మా ఇక్కడ?" అంది. సాయంత్రానికి నేనూ నా గోతాలూ దర్శి బస్సులో ఉన్నాం. కండక్టరు మమ్మల్ని వెనక సీటుకు తోలేశాడు. ఆ సీట్లో నా పక్కన ఎవరూ కూర్చోలేదు.

మా నాన్న బస్టాండుకు మోపెడ్ వేసుకొచ్చాడు. గోతం మూతి విప్పి చేయి పెట్టి నాలుగు రెమ్మలు తీశాడు. ఆ నాచుకి గాలి నిండిన చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి. ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య చిదిపి, "దీనిక్కూడా కాయలున్నాయే!" అన్నాడు.

"కాయలు కాదు నాన్నా. నీళ్లలో తేలడానికి గాలి బుడ్డలు."

"ఏదో ఒకటి. కాపు బాగానే ఉంది" అన్నాడు.

ఇక అది మా నాన్నకు పంటైపోయింది. మూడు నీళ్లలో కడిగించాడు. అమ్మ గవ్వలూ ఇసుకా ఏరేసింది. మా కల్లం సగం దాకా ఎర్రటి కాయలు ఎండుతున్నాయి. మిగతా సగంలో నాచు పోశాం. పోయమన్నది నేనే. ఎండబెట్టడమంటే మాకు కల్లమే, ఇంకో చోటు ఉంటుందని తోచదు. కాయల్ని కాళ్లతో తిరగేస్తూ వచ్చిన కూలీలు అవే కాళ్లతో నాచునీ తిరగేశారు. నాలుగో రోజు నాన్న గుప్పెడు తీసి చెవి దగ్గర ఊపి, గలగలమన్న తర్వాతే ఎండిందని ఒప్పుకున్నాడు. మెత్తగా పొడి కావాలంటే అమ్మ, "కారం మరలో పట్టిద్దాంలే, పౌడరులా వస్తుంది" అంది. నేను భేషుగ్గా ఉందన్నాను. స్టీలు డబ్బా నిండా పొడి పోసుకుని గుంటూరు బస్సెక్కాను. ఇలా రాస్తుంటే ఇప్పుడు చదివేవాళ్లకి అర్థమైపోతూనే ఉంటుంది. నాకు మాత్రం అర్థం కాలేదు.

పరీక్ష చూడ్డానికి చాలా అందంగా ఉంటుంది. ముదురు ఊదా రంగులో ఒక రసాయనం ఉంటుంది, పండిన నేరేడుపండు రసంలా. అందులో మనం తీసిన సారం నాలుగు చుక్కలు వేస్తాం. సారంలో ఆ గుణం ఉంటే ఊదా రంగు పోయి పసుపు వస్తుంది. లేకపోతే ఊదా ఊదాగానే ఉంటుంది. ఎంత తగ్గిందో కొలవడానికి యంత్రం ఉంది. నాకైతే యంత్రం అవసరమే పడలేదు. చుక్కలు పడీ పడగానే రంగు ఇట్టే విరిగిపోయి పసుపు తేలింది. మళ్లీ చేశాను, మళ్లీ అంతే. మేడం ఒంగి చూసి, "ఇంత వేగంగానా?" అన్నారు. ఆవిడ నోట్లోంచి అంతకన్నా పెద్ద మెచ్చుకోలు ఎవరూ విని ఉండరు. సెమినార్లో అందరికంటే ముందు నేనే చెప్పాలని రాసేశారు.

నేనిక నేల మీద లేను. హాస్టల్లో అందరికీ బజ్జీలు తెప్పించాను. మిరప చేస్తున్న నలుగురినీ వరండాలో ఆపి మరీ, "ఏరా, మీ కాయలేమంటున్నాయి? మా సముద్రం మాత్రం అదరగొడుతోంది" అన్నాను. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెబితే, "మీ నాన్న తిరగేయించాడు కదే, అందుకే అలా వచ్చింది" అంది.

ఆ వారమే ఒక మధ్యాహ్నం ల్యాబులో ఒక్కదాన్నే గ్లాసు సామాను కడుగుతున్నాను. చెమటకి జుట్టు మొహాన పడితే తడిచేత్తో వెనక్కి తోశాను. కంటి మూల చురుక్కుమంది. ఆ తర్వాత మండింది. మామూలు మంట కాదు, నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిన మంట. నిప్పును పోల్చుకోలేకపోతానేమో గానీ దాన్ని పోల్చుకోలేకపోవడం నావల్ల కాదు.

కుళాయి కింద మొహం పెట్టి కడుక్కుంటూనే అనుకున్నాను. సముద్రంలో కారం ఎక్కడిది? వెళ్లి స్టీలు డబ్బా మూత తీశాను. చిటికెడు పొడి నాలుక మీద వేసుకున్నాను. ముందు ఉప్పగా తగిలింది. ఆ తర్వాత, నెమ్మదిగా, మా ఊరు తగిలింది.

కళ్లాపి చల్లినట్టు అంతా ఒక్కసారి తేటపడింది. కల్లం దుమ్ము. కూలీల కాళ్లు. కారం మర. మాకంటే ముందు పట్టించినవాళ్ల కారం ఆ మరలో ఎంత మిగిలి ఉందో! మిరపకాయలో కూడా ఆ గుణం దండిగా ఉంటుంది. ఆ నలుగురూ చేస్తున్న పరిశోధన అదే. నా పరీక్షనాళికలో గెలిచింది సముద్రం కాదు. నేను పారిపోయి వచ్చిన కాయ నాకంటే ముందే వచ్చి ల్యాబులో కూర్చుంది.

నేనేదో సత్యవంతురాలినని చెప్పుకోను. ల్యాబు స్టూలు మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను. ఎవరికీ తెలీదు. చెప్పకపోతే మంచి మార్కులు, మేడం మెప్పు. చెబితే తెచ్చిన నాచంతా వృథా, సెమినార్ మూడు వారాల్లో ఉంది, మళ్లీ మొదటికి రావాలి. మళ్లీ చేశాక నాచులో అసలేమీ లేదని తేలితే ఏడాది పోతుంది, నా నోటి పుణ్యాన మిరప మెడకు చుట్టుకుంటుంది. ఆ నలుగురి మొహాలు గుర్తొస్తేనే సిగ్గుతో చచ్చిపోయాను. కానీ ఒక సంగతి ఎంత నచ్చజెప్పుకున్నా గొంతు దిగలేదు. లేచి డబ్బా పట్టుకుని మేడం గదికి వెళ్లాను.

అంతా విని ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. డబ్బా దగ్గరికి లాక్కుని తనూ చిటికెడు నాలుక మీద వేసుకున్నారు. కాసేపు ఆగి మంచినీళ్లు తాగారు.

"మంచి కారం" అన్నారు.

నాకు ఏడుపొచ్చేసింది.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"తెలుసు మేడం."

"మరెందుకు చెప్పావు?"

"మిరపకాయ దయవల్ల గెలవడం నాకిష్టం లేదు మేడం" అన్నాను, ముక్కు తుడుచుకుంటూ. ఆవిడ నవ్వడం చూడటం నాకదే మొదటిసారి. వెంటనే నవ్వు ఆపేసి, "ఎండలో కాదు, నీడలో ఆరబెట్టాలి. ఆ మాట నేను ముందే చెప్పాల్సింది. సెమినార్ తేదీ మారదు. వెళ్లు" అన్నారు.

మర్నాడు కొత్తపట్నంలో ఆ వలలావిడ నన్ను దూరం నుంచే గుర్తుపట్టి, "బాగుందా కూర?" అని అరిచింది. ఈసారి కొత్త ప్లాస్టిక్ సంచుల్లో నింపుకున్నాను. గోతాల వంక చూడను కూడా చూడలేదు, మా ఇంట్లో ఏ గోతం ముట్టుకున్నా కారమే. ఇక ఆరబెట్టేది ఎక్కడ? హాస్టలే గతి. నా గదిలో కిటికీ మూసి, ఫ్యాను వేసి, ఉతికిన తెల్ల దుప్పటి మీద పరిచాను. నాతో ఉండే ఇద్దరమ్మాయిలూ పక్క గదికి కాపురం మార్చేశారు. ఆంటీ మళ్లీ ముక్కు మూసుకుని వచ్చింది. ఆవిడ నోరు తెరిచేలోపే, "ఆంటీ, ఇందులో ఉన్నది చర్మం ముడతలు పడకుండా కాపాడుతుందేమోనని చూస్తున్నాను" అన్నాను. అబద్ధం కాదు, రుజువు కాలేదు అంతే. ఆంటీ ముక్కు మీద చేయి తీసేసింది. ఆ రోజు నుంచి నేను కాలేజీకి వెళ్తే నాచును తిరగేసే బాధ్యత ఆవిడదే. చేతులు సబ్బుతో కడుక్కునే తిరగేసేది.

పొడి చేయడం మిగిలింది. మిక్సీలో వేద్దామంటే హాస్టలు మిక్సీ కూడా కారం వాసనే. ఇంటికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. అమ్మ "అయ్యో" అంది. నాన్న "సరేలేమ్మా" అని ఫోన్ పెట్టేశాడు. నా మాటలు ఆయన్ని తప్పుపట్టినట్టు వినిపించాయేమోనని నాకు మనసు పీకుతూనే ఉంది. పోయమన్నది నేను, మరకు సరేనన్నది నేను. ఆ ముక్క ఫోన్లో గట్టిగా చెప్పి ఉండాల్సింది.

రెండో రోజు పొద్దున్నే హాస్టలు గేటు దగ్గర నాన్న నిలబడి ఉన్నాడు. చేతుల్లో కొత్త తువ్వాల్లో చుట్టిన బరువైనదేదో ఉంది. లోపల రాతి కల్వం, దానికో నూరుడు బండ. కొత్తవి.

"కొట్లోంచి తెచ్చి ఏడుసార్లు కడిగించానమ్మా. ఇంట్లోకి తీసుకెళ్లలా. తువ్వాలు కూడా కొత్తదే. నా చెయ్యి తగలకుండా పట్టుకొచ్చా" అన్నాడు.

లోపలికి రమ్మంటే రాలేదు. చేతులు చూపించి, "వద్దులే, నాకు ఎక్కడో అక్కడ కారం ఉంటది" అన్నాడు. టీ కూడా బయటే తాగి బస్సెక్కాడు. ఆ కల్వం పట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నా చిన్నప్పుడు ఆ చేతులే నా కళ్లలో కారం పడితే వెన్న రాసేవి.

రెండు రోజులు నూరాను. చేతులు బొబ్బలెక్కాయి, కానీ మండలేదు. నాలుక మీద వేసుకుంటే ఉప్పు, నీచు, అంతే. సారం తీసి, ఈసారి మేడం చూస్తుండగా ఊదా రంగు నింపిన నాలుగు గొట్టాలు వరసగా పెట్టాను. మొదటి దాంట్లో ఏమీ కలపలేదు. రెండోదాంట్లో విటమిన్ సి. మూడోదాంట్లో మా ఇంటి కారం సారం. నాలుగోది నాచు. కారం నాళిక చూస్తుండగానే పసుపైపోయింది. విటమిన్ సి కూడా. నాచు మాత్రం ఊదాగానే ఉంది.

చీకటి బీరువాలో అరగంట ఉంచాలి. ఆ అరగంటలో నేను ఆ నలుగురికీ క్షమాపణ ఎలా చెప్పుకోవాలో, ఏడాది పోయిందని ఇంట్లో ఎలా చెప్పాలో, ఏ పొలంలో ఏ కాయ కోసి తెచ్చుకోవాలో అన్నీ ఆలోచించేశాను. మేడం గడియారం చూసి తలూపారు. బీరువా తలుపు తీశాను.

మొదటిది ఊదా. రెండోదీ మూడోదీ పసుపు. నాలుగోది కూడా పసుపే. కొంచెం ముదురు పసుపు, గోధుమ ఛాయ కలిసిన పసుపు. కానీ ఊదా జాడ లేదు. నేను అరిచిన అరుపుకి కింద అంతస్తు వాళ్లు పరుగెత్తుకొచ్చారు. నాకెందుకో ఆ వలలావిడ నవ్వే చెవుల్లో వినిపించింది. మేడం యంత్రంలో పెట్టి మూడుసార్లు కొలిచి, మూడు అంకెలూ స్వయంగా నా పుస్తకంలో రాసి, "ఇది నాచుదే" అన్నారు. ఆ రెండు ముక్కల కోసం నేను ఎన్ని పట్టాలైనా వదులుకుంటాను.

సెమినార్ రోజున మొదట నా తప్పే చెప్పాను. కల్లం, కాళ్లు, కారం మర, ఏదీ దాచలేదు. హాలంతా పడీ పడీ నవ్వింది, ఆ నలుగురైతే బల్లలు చరిచారు. నేనూ నవ్వాను. అప్పుడు బయట నుంచి వచ్చిన పరీక్షకుడు, "ఈసారి కూడా మిరప కలవలేదని గ్యారంటీ ఏమిటమ్మా?" అని అడిగారు. నాలుగు గొట్టాలూ, కొలతలూ చూపించాను. ఆ తర్వాత పొడి సీసా మూత తీసి ఆయన ముందు పెట్టి, "ఇంకా అనుమానముంటే చిటికెడు నాలుక మీద వేసుకోండి సార్. మాది మిరప ఊరు. మా దగ్గర ఆఖరి పరీక్ష అదే" అన్నాను. ఆయన నిజంగానే వేసుకున్నారు. మొహం అదోలా పెట్టి, "ఉప్పు" అన్నారు. చప్పట్లు మొదలుపెట్టింది మా మేడం.

బయటికొస్తే వరండా చివర మెట్ల దగ్గర నాన్న. ఆ రోజే యార్డుకు బస్తాలేసుకొచ్చి, అమ్మకం కాగానే ఆటోలో వచ్చాడట. చొక్కా నిండా ఎర్ర దుమ్ము. నన్ను చూడగానే రెండడుగులు వెనక్కి వేసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఏది గెలిచిందమ్మా? మన కాయా, నీ నాచా?"

"తొందరగా మార్చింది మన కాయే నాన్నా. నాచు నెమ్మదిగా మార్చింది. కానీ ఎవరి సాయం లేకుండా మార్చింది."

"అంటే ఇద్దరూ పాసే" అన్నాడు తృప్తిగా.

నేను లోపలికి వెళ్లి ఊదా రంగు నింపిన నాళికలో నాచు సారం కలిపి, బిరడా బిగించి తెచ్చి, ఆయన చేయి ముందుకు లాగి ఆ చేతిలో పెట్టాను. "వద్దమ్మా, నా చెయ్యి" అంటున్నాడు. "ఇప్పుడేం కాదు, పట్టుకో" అన్నాను. కాయలో గింజ చూడ్డానికి ఎండకు ఎత్తి పట్టుకున్నట్టు, దాన్ని వెలుగుకు ఎత్తి పట్టుకుని అక్కడే మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ పక్కన కూర్చున్నాను. ఊదా పలచబడింది. అంచుల్లో పసుపు తేలింది. నాన్న కళ్లార్పకుండా చూశాడు.

అది పూర్తిగా పసుపయ్యాక లేచి నిలబడ్డాడు. అటుగా ఫైళ్లు పట్టుకుని పోతున్న ప్యూను కనిపించాడు. పొలంలో గట్టు మీద నుంచి పిలిచే గొంతుతో, "ఏవయ్యోయ్, ఇట్రా! ఇది చూడు! మా అమ్మాయి చేసింది. ఇందులో కారం లేదు, ఒక్క గింజ కూడా లేదు!" అని అరిచాడు.

ముప్పై ఏళ్లుగా మిరప వేస్తున్న మనిషి, ఎర్ర దుమ్ము పట్టిన చొక్కాతో, కారం లేదని అంత గర్వంగా చెప్పుకోవడం నేను విన్నది ఆ ఒక్కరోజే.